పొరుగింటామె వీపు

తెనింగ్ ఫాయ్ నడిపించిన సీరియళ్ళు పదకొండు. వాటిలో తొమ్మిదింటికి రాతకాగితమన్నది లేదు. రుఫిస్క్ ఊరి బడిలో పాతికేళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన పంతులమ్మ, తన కథల్ని మాత్రం చాలావరకు కాగితం మీద పెట్టేది కాదు. షూటింగ్ ఇంటి వాకిట్లో చాప పరిచి, నటులందరినీ కూర్చోబెట్టి, మూడు వాయిలుగా కాచే టీ ఆఖరి వాయి గ్లాసుల్లోకి వచ్చేలోగా ఆ రోజు సన్నివేశం చెప్పేసేది. ఎవరు ఎవరింటికి వస్తారు, ఏం కోరి వస్తారు, ఏం దక్కక వెళతారు. అంతే. "కథ నాది, మాటలు మీవి" అనేది. వాళ్ళు ఇంట్లో మాట్లాడినట్టే కెమెరా ముందూ మాట్లాడేవారు. జనం చూసేవారు.

ఈ పద్ధతికి ఒక హద్దుందని ఆమెకు తప్పు చేశాకే తెలిసింది. రెండో సీరియల్ నాటి మాట. ఒక నటి టీ తాగుతూ తన సవతితో జరిగిన రచ్చ చెప్పి నవ్వించింది. మరునాడు తెనింగ్ ఆ రచ్చనే పొల్లుపోకుండా ఆమె చేతే ఆడించింది. సన్నివేశం అద్భుతంగా వచ్చింది. నటి మళ్ళీ రాలేదు. మనిషిని పంపితే, "నేను నవ్వుకోవడానికి చెప్పాను, ఊరికి చూపించమని కాదు" అని తిరుగు కబురు పంపింది. ఆ ఎపిసోడ్‌ను తెనింగ్ తర్వాత ఎన్నడూ చూడలేదు.

దిక్కెల్ సో మొదటి సీరియల్ నుంచీ ఉంది. అప్పట్లో అత్త వేషం, ఇప్పుడు నాయనమ్మ. సంతలో పెరుగు అమ్ముతుంటే ఆ గొంతు విని తెనింగే ఆగింది.

"నీ పేరేంటమ్మా?"

"దిక్కెల్ సో."

"ఓహో, ఫులా మనిషివా! అయితే మా దాసీవే. పెరుగులో నీళ్ళెన్ని కలిపావు?"

"నువ్వెవరివే?"

"ఫాయ్‌ని."

"సెరేర్‌దానివా! మూతికి సజ్జ సంకటి ఇంకా అంటుకునే ఉంది. తుడుచుకుని రా, అప్పుడు మాట్లాడతా."

అక్కడ ఇంటిపేరు వింటేనే తెగ తెలిసిపోతుంది. ఫులాలు ఆవుల మంద వాళ్ళు, సెరేర్లు సజ్జ చేల వాళ్ళు. తాతల నాటి నుంచి మేలమాడే వరస. బావామరదళ్ళలా ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాళ్ళదే తప్పు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురుపడితే ముందు తిట్లు, తర్వాతే పని.

నిరుడు పదకొండో సీరియల్ మొదలైంది. రంజాన్ నెలంతా ఉపవాసం విడిచే వేళకు వచ్చే ముప్ఫై ఎపిసోడ్లు. షూటింగ్ ముందే అయిపోవాలి. మొదటి రోజునే తెలిసింది: చాప మీద చెప్పిన సన్నివేశం కెమెరా దగ్గరికి వెళ్ళేలోగా దిక్కెల్ తలలో నిలవడం లేదు. మనవరాలి వేషం వేసిన అమ్మాయిని చూసి, "ఈ పిల్ల నాకేమవుతుంది?" అని అందరి ముందూ అడిగింది.

నిర్మాత మసాంబా రెండు రోజులు ఓపిక పట్టాడు. మూడో రోజు తెనింగ్‌ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఐదో ఎపిసోడ్‌లో ముసలామెను సాగనంపేద్దాం. దేశమంతా మూడు రోజులు ఏడుస్తుంది."

"బతికుంది కదయ్యా."

"సీరియల్లోనే కదక్కా పోయేది!"

"ఆవిడకిప్పుడు ఆ తేడా తెలియడం లేదు."

దిక్కెల్ కూతురు అంతకుముందే చెప్పింది. షూటింగ్ లేని రోజు తల్లి గోడకేసి చూస్తూ కూర్చుంటుందట. షూటింగ్ బండి వచ్చే రోజు మాత్రం తెల్లారకముందే లేచి తలగుడ్డ తనే చుట్టుకుంటుందట. మసాంబా చెడ్డవాడు కాదు. "రేపు ఒక్క సన్నివేశం నిలబెట్టించు, నోరెత్తను" అన్నాడు.

మరునాడు తెనింగ్ తలుపు చాటున నిలబడి మాటలు అందించింది. దిక్కెల్ ఒకటి రెండు పలికి, చటుక్కున వెనక్కి తిరిగింది.

"ఎవరే ఆ చాటున గొణిగేది? ధైర్యముంటే ఎదురొచ్చి చెప్పు!"

తెనింగ్‌కు విసుగొచ్చింది. అలవాటు కొద్దీ నోరు జారింది. "నేనే, నీ యజమానురాలిని. ఫాయ్‌ని."

"నువ్వా! కుండ పొయ్యి దిగిందని వాసనొచ్చిందా? మీ వాళ్ళకి చెవుడున్నా ముక్కు బాగానే పనిచేస్తుంది. మా ఆవులు కూడా కడుపు నిండితే ఆగుతాయే!"

మాటకు మాట, తడబాటన్నది లేదు. అందరూ నవ్వుతున్నారు. తెనింగ్ నవ్వలేదు. అదే గొంతుతో అడిగింది: "నా తిండి సరే, నీ మనవరాలు పెళ్ళి వద్దంటోందటగా?"

"వద్దంటే వద్దు. పిల్లను నీ ఇంట్లో ఇచ్చానా, నీకెందుకు?"

కథకు కావలసిన మాట అదే.

అలా పొరుగింటి సెరేరామె ఒకతె కథలోకి వచ్చింది. రోజూ ఉప్పుకో నిప్పుకో వస్తుంది, తిట్లు తిని పోతుంది. ముందు వేరే నటిని పెట్టి చూశారు. దిక్కెల్ ఆమెను ఎగాదిగా చూసి, "ఇది సెరేర్ నోరు కాదు" అని మొహం తిప్పుకుంది. కథ చెప్పేవాళ్ళు కనిపిస్తే కథ పారిపోతుందని తెనింగ్ నమ్మకం. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తెర మీదికి రాలేదు. చివరికి ఆ వేషం తనే వేసి, కెమెరాకు వీపు పెట్టి కూర్చుంటానంది. మసాంబా ఒప్పుకున్నాడు.

ఆఖరి ఎపిసోడ్ తీసిన మధ్యాహ్నం, తిట్ల మధ్యలో దిక్కెల్ ఆగిపోయింది. తెనింగ్ మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఇంతకీ నువ్వెవరివమ్మా?"

"ఫాయ్‌ని."

"అది తిండి చూస్తేనే తెలుస్తోంది. ఎవరి ఫాయ్‌వి? నిన్నెక్కడో చూశాను. నాకు బాగా కావలసినదానివా?"

కెమెరా తిరుగుతోంది. తెనింగ్ చేతిలోని ఖాళీ గిన్నె ముందుకు చాచింది. "ఉప్పు కోసం వచ్చాను" అంది.

"ఉప్పుకా! మీ ఇంట్లో సముద్రం ఎండిపోయిందా? పట్టుకుపో, మళ్ళీ రాకు."

ఎడిటింగ్ గదిలో బిరాన్ ఆ ముక్కను రెండుసార్లు వేసి చూపించాడు. తెనింగ్ దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్నాడు.

"అమ్మా, ఇలాంటిది జన్మకొకసారి పడుతుంది."

"కొయ్యి."

"ఎక్కణ్ణించి?"

"'ఇంతకీ' దగ్గర్నించి. ఉప్పు మాట నుంచి ఉంచు."

"అతుకు కనిపిస్తుందమ్మా."

"కనిపించనీ."

"జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఏడాదంతా చెప్పుకుంటారు."

"పెట్టుకుంటారు. తిట్లు ఆవిడ మనకిచ్చింది, అవి ఉంచు. ఇది ఇవ్వలేదురా, జారిపోయింది."

బిరాన్ కోశాడు. అతుకు కనిపించింది. ఎవరూ పట్టించుకోలేదు.

రంజాన్ ఆఖరి సాయంత్రం దిక్కెల్ ఇంట్లో అందరూ ఉపవాసం విడిచి టీవీ ముందు చేరారు. తెర మీద ఒక వీపు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. దిక్కెల్ మోకాలు చరిచింది.

"అదుగో, ఫాయ్‌ది మళ్ళీ తయారైంది. ఉప్పు దాచండే!"

పక్కనే చాప మీద కూర్చున్న తెనింగ్ ఖర్జూరపు గింజ చేతిలోకి ఉమ్మి, ఉప్పు గిన్నెను కాస్త అవతలికి జరిపింది.