సున్నం పరిచిన వాకిలి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఎవరికీ పెళ్ళి చేసే పని ఇంకా నా వంతు కాలేదు కాబట్టి నా భయమంతా ఇంటి మీదే పెట్టుకున్నాను. తర్లుపాడు దారిలో మాది నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానొస్తే ఉబ్బి తలుపులు బిగదీస్తుంది. పాత ఇంటి గోడలు అలాగే చీలాయి. పిరికిదాన్ని కదా, ఆ గోడ పక్కన ఎవరినీ మంచం వేయనిచ్చేదాన్ని కాదు.

చివరికి వాటిని పడగొట్టి అదే జాగాలో కొత్తిల్లు మొదలుపెట్టాం.

"ఈ మట్టి ఊరికే ఉండదక్కా. సున్నం కలిపి దిమ్మిస కొడితే అణిగుంటాది," అన్నాడు మేస్త్రి. ఇంటి జాగా, ముందు వాకిలి అంతా తవ్వించి, మట్టి పొడి చేయించి, సాయంత్రం దాని మీద సున్నం పరిపించాడు. నీళ్ళు తగలని సున్నం. పొద్దున తాను వచ్చి కలిపేదాకా తడి తగలనివ్వొద్దని, ఒంటి మీద పడితే నీళ్ళతో కడుగుతూనే ఉండమని చెప్పి వెళ్ళాడు.

పక్కనే రేకుల షెడ్డులో మా కాపురం. పొదిలిలో చుట్టాలింటికి వెళ్ళిన మా అత్త ఆఖరి బస్సుకు వచ్చి, అన్నం తిని పడుకుంది. సున్నం మాట ఎవరమూ ఎత్తలేదు.

ఇంట్లో చావు జరిగితే తప్ప మా వాకిట్లో కళ్ళాపి ఆగదు. తెల్లగా ఉన్నదాన్ని అత్త రాతిపిండి అనుకుందట. చీకటితోనే లేచి, పేడనీళ్ళ బకెట్టు పట్టుకుని వంగి చల్లింది.

సుయ్‌మన్న చప్పుడుకు లేచి బయటికి పరుగెత్తాను. ఒకటే ఆవిరి. నేల కుతకుత ఉడుకుతోంది, సున్నపు పెళ్ళలు చిట్లి ఎగురుతున్నాయి. అత్త మొహం పట్టుకుని కూర్చుని ఉంది.

"కండ్లు మండిపోతాండాయే," అంది మెల్లగా. ఆమె అరవకపోవడం చూసి నాకు ఇంకా భయమేసింది.

పక్కింటి పెద్దమ్మ ఆముదం గిన్నెతో వచ్చింది. "రెండు సుక్కలు ఎయ్యమ్మే, సల్లబడతాది."

"వద్దు పెద్దమ్మా, నీళ్ళే," అన్నాను. అన్నానే గానీ, నీళ్ళు పడే కదా నేల అట్లా ఉడికింది, ఆ నీళ్ళే కంట్లో పోస్తే ఏమవుతుందో! అత్త చూపు నా చేతులతోనే పోగొడుతున్నానేమో అనిపించింది. అయినా మేస్త్రి మాట పట్టుకుని, మట్టి తడపడానికి తెప్పించిన డ్రమ్ము అడుగంటేదాకా పోశాను. మా ఆయన ఆటో తెచ్చాడు. మార్కాపురం దాకా బిందెతో పోస్తూనే ఉన్నాను.

డాక్టరు మళ్ళీ కడిగి కట్టు కట్టాడు. విప్పేదాకా ఏమీ చెప్పలేనన్నాడు. అన్నాళ్ళూ అత్తకు నేనే అన్నం కలిపి తినిపించాను. ఆమె ఒక్క మాటే అడిగేది: "కళ్ళాపి చల్లినావా?" చల్లానని అబద్ధమాడేదాన్ని.

కట్టు విప్పాక ఎడమకన్ను దక్కింది. కుడికన్నుకు అంతా పొగ పట్టినట్టే కనిపిస్తుందంటుంది.

కొత్తింట్లో చేరిన మర్నాడు బకెట్టు చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. వాకిలి గట్టిగా, నున్నగా ఉంది, ఎక్కడా నెర్రె లేదు. అత్త గడప మీద బకెట్టు పట్టుకుని నిలబడిపోయి ఉంది. ఆ వాకిట్లో ఏం చెయ్యడానికీ ఆమె ఏనాడూ ఎవరినీ అడిగి ఎరగదు.

"నీళ్ళు పొయ్యొచ్చునా అమ్మే?" అంది.

"పొయ్యొచ్చు అత్తా," అన్నాను.

ఆమె బకెట్టు నా చేతికిచ్చి, గడప లోపలికి జరిగింది.