గంగన్న చెప్పిన సాక్ష్యం

నిన్న మధ్యాహ్నం కర్నూలులో నా షెడ్ ముందు ఒక ఎర్ర కారు వచ్చి ఆగింది. నడిపే మనిషి దిగకముందే వాసన వచ్చేసింది. కాలిన క్లచ్ ప్లేటు వాసన. పాత కాగితాలూ కొబ్బరిపీచూ కలిపి తగలబెట్టినట్టు ఘాటుగా ఉంటుంది, ముక్కును పట్టుకుంటే వదలదు. ఎండకు కాగిన రేకుల కింద అది కాసేపటికే షెడ్డంతా నిండిపోయింది. నా దగ్గర పనిచేసే అమ్మాయిలిద్దరూ చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడిపోయాను. ఆ వాసన ఎందుకు పుడుతుందో నాకు మొదట చెప్పినవాడు గంగాధరం. కడపలో అందరూ గంగన్న అనేవారు. నా చేతికి విద్య ఇచ్చినవాడు ఆయనే, నా పేరు చెడగొట్టినవాడూ ఆయనే. మొదటిది తలుచుకుంటే రెండోది వెంట వస్తుంది. రెండోదాన్ని మాత్రమే ఉంచుకుందామంటే, పొద్దున లేచి నేను చేసే పనంతా మొదటిదే.

మాది మైదుకూరు దగ్గర చిన్న పల్లె. అమ్మానాన్నలు పసుపు చేలల్లో కూలికి పోయేవాళ్ళు. ఆదివారం చర్చిలో నాన్న డోలక్ వాయించేవాడు. నాకు సలోమి అని పేరు పెట్టి, ఎట్లాగో కష్టపడి ఆటోమొబైల్ డిప్లొమా చదివించారు. చదువయ్యాక కడపలో కార్ల షోరూములు తిరిగాను. అందరూ మర్యాదగానే మాట్లాడి కౌంటర్లో కూర్చోమన్నారు. బండి కిందికి దూరే పని ఆడపిల్లకెందుకు అన్నారు. చివరికి ఊరి బయట ఉన్న గంగన్న షెడ్‌కు వెళ్ళాను. ఆయన వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో పందెం కార్లు తయారుచేసే చోట పనిచేశాడు. అందుకని నంద్యాల నుంచి అనంతపురం దాకా ఎవరు పాత స్పోర్ట్స్ కారు కొన్నా, గేరు పడకపోతే ఆయన దగ్గరికే తెచ్చేవారు. తన పనితనం గురించి తానే గొప్పలు చెప్పుకునే మనిషి. చొక్కా ఎప్పుడూ తెల్లగా ఉండేది. నేను పని అడిగితే షెడ్‌లోని వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఏం నవ్వుతాండారు? పెడల్ తొక్కేది కాలు. కాలికి ఆడ, మగ యాడుంటాది?" అన్నాడు. నా వైపు తిరిగి, "పాపా, చెప్పులిడిచి బండెక్కు" అన్నాడు.

అదే నా మొదటి పాఠం. క్లచ్‌ను వట్టికాలితో తొక్కమనేవాడు. చెప్పు ఉంటే పెడల్ చెప్పేది చెప్పులోనే ఆగిపోతుందని ఆయన నమ్మకం. ఆ రోజు షెడ్‌లో ఉన్న కారు మొదటి గేరుకు మొరాయిస్తోంది, రివర్స్ వేస్తే గరగరమని పళ్ళు కొరుకుతోంది. బెంగళూరులో చూసినవాళ్ళు గేర్‌బాక్సు మొత్తం మార్చాలన్నారట. గంగన్న ఇంజను ఆపించి గేర్లన్నీ వేయమన్నాడు. ఒక్కొక్కటీ మెత్తగా పడింది. స్టార్ట్ చేసి వేయమన్నాడు. మళ్ళీ మొరాయించింది.

"రోగం యాడుండాది చెప్పు."

"గేర్‌బాక్సులో కాదన్నా. క్లచ్ తొక్కినా ఇంజన్ను పూర్తిగా వదలడం లేదు."

"మరి ఒక్క మూడో గేరే గరగరమంటే?"

"అప్పుడు గేర్‌బాక్సు లోపల చూడల్ల."

"ఇంజను అరుస్తాండాది, బండి మాత్రం కదల్లేదు అంటే?"

"ప్లేటు అరిగిపోయి జారుతాంది."

"రేపట్నుంచి రా" అన్నాడు. ఇంటికి పోతూ బస్సులో ఏడ్చాను. ఆ ఏడుపు సంతోషంతో వచ్చింది. ఆయన గురించి నేను ఏడ్చిన సందర్భాల్లో అలాంటిది అదొక్కటే.

తర్వాత కొన్నేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. తిట్టేవాడు. పానా సరిగ్గా పట్టుకోకపోతే చేతి మీద కొట్టేవాడు. కానీ తెలిసింది దాచుకునేవాడు కాదు. బండి తెచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి అడిగించేవాడు: బండి చల్లగా ఉన్నప్పుడు గేరు పడటం లేదా, కాగినాకనా? పెడల్ రెండుమూడుసార్లు కొడితే పడుతోందా? కొట్టినాక పడితే తప్పు ప్లేటులో లేదని, పెడల్ ఒత్తిడిని క్లచ్ దాకా మోసుకుపోయే ఆయిల్ దారిలో ఉందని అట్లా తెలిసేది. "బోల్టు ఊడదీసేకి ముందే సగం పని అయిపోవల్ల" అనేవాడు. నాకు పెళ్ళి సంబంధాలు వచ్చి, ఈ పని మానిపించమని అవతలివాళ్ళు అడిగినప్పుడు ఆయనే మా ఇంటికి వచ్చాడు. నాన్నతో "నీ బిడ్డ నాకంటే మేలైన మెకానిక్కు అవుతాది, ఆపొద్దప్పా" అన్నాడు. నాన్న ఆ మాట చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ పసుపుపచ్చ రెండు సీట్ల కారు వేసవి మొదట్లో వచ్చింది. కార్తీక్ అనే కుర్రవాడిది. గంగన్న షెడ్ ఉన్న స్థలం ఆ కార్తీక్ మేనమామదే. పెద్ద కాంట్రాక్టరు, ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు. గేరు పడటం లేదంటే గంగన్న కారును నాకు అప్పగించాడు. పెడల్ తొక్కి అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి నా పాదం కింద అది మెల్లగా, నేను ఒత్తకుండానే, కిందికి దిగసాగింది. గేరులో ఉన్న కారు ముందుకు జరగబోయింది. పెడల్ దగ్గరి సిలిండరు లోపల రబ్బరు పాడైపోయింది. తొక్కిన ఒత్తిడి నిలవడం లేదు. గంగన్న కూడా వచ్చి తొక్కి చూశాడు.

"సరిగ్గా పట్టినావు" అన్నాడు. "కొత్త సిలిండరు వచ్చేదాకా ఈ బండి గేటు దాటకూడదు."

ఆయిల్ మార్చి, ఒత్తిడిని మింగేయకుండా పైపుల్లో చేరిన గాలి తీసి, అయినా పెడల్ దిగుతోందని ఆయనకు మళ్ళీ చూపించాను. మర్నాడే కార్తీక్ వచ్చాడు. స్నేహితులతో మహానందికి పోవాలట. గంగన్న కుదరదన్నాడు. కార్తీక్ ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాడు. అవతల మేనమామ. గంగన్న "అట్లనేప్పా... లేదప్పా... సరేప్పా" అంటూ విన్నాడు. ఫోన్ ఇచ్చేసి, మేకుకు తగిలించిన తాళం తీసి ఆ అబ్బాయి చేతిలో పెట్టాడు. "నిదానంగా తోలుకో" అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను కారు దగ్గరికి పోయాను. "ఆగినప్పుడల్లా న్యూట్రల్‌కు తీయండి. గేరులో పెట్టి క్లచ్ తొక్కి నిలబెట్టొద్దండి, బండి దానంతటది ఉరుకుతాది."

"కారు తోలేది నువ్వు నాకు నేర్పిస్తాండావా?" అని నవ్వి వెళ్ళిపోయాడు. గంగన్న ఆ మాటలన్నీ విన్నాడు. మా ఇద్దరి మధ్య ఒక కారు వెడల్పు దూరం కూడా లేదు.

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో కారు ఆగింది. కార్తీక్ మొదటి గేరులో పెట్టి, క్లచ్ తొక్కి, స్నేహితుల ముందు ఇంజను అరిపిస్తూ కూర్చున్నాడు. పెడల్ కాలి కింద ఉన్నట్టే ఉంది. లోపల ఒత్తిడి జారిపోయి క్లచ్ పట్టుకుంది. కారు ఎగిరి ముందుకు దూకింది. రోడ్డు పక్కన జామకాయలు అమ్ముకునే వెంకటసుబ్బమ్మ కాలు బంపరుకూ కరెంటు స్తంభానికీ మధ్య నలిగిపోయింది.

పోలీసులు షెడ్‌కు వచ్చేసరికి మేనమామ మనుషులు ముందే వచ్చి కూర్చున్నారు. ఎస్సై అడిగితే గంగన్న తడుముకోకుండా చెప్పాడు. "పైపుల్లో గాలి తీసింది ఈ పాపనే సార్. కొత్త పాప. సరిగ్గా తీసిండదు. నేను చూసుకోలే."

కొత్త పాప. అన్నేళ్ళు ఆయన దగ్గర పనిచేసిన నేను.

"అన్నా, బండి గేటు దాటకూడదని మీరే గదా చెప్పినారు? తాళం ఎవురిచ్చినారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గంగన్న ఎదురుగా ఉన్న కారు బానెట్ మీద దుమ్ము తుడవసాగాడు. నేను చెప్పింది ఎస్సై విన్నాడు. విని, కార్తీక్ మామ మనుషుల వైపు చూసి, టీ తాగి పోయాడు. ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు, కేసు లేకుండా పోయింది. తప్పు మాత్రం నాదిగా మిగిలిపోయింది. కడపలో ఏ షెడ్‌కు పోయినా "క్లచ్ తప్పు చేసి మనిషి కాలు తీసిన పిల్లవి నువ్వే గదా" అన్నారు. చర్చిలో నాన్న వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రికి పోయి వెంకటసుబ్బమ్మను చూశాను. మోకాలి కింద ఏమీ లేదు. నేను జరిగింది చెప్పాను, పెడల్ దిగడం, తాళం ఇవ్వడం, అంతా.

"ఒకరు నువ్వంటారు, ఇంకొకరు వాడంటారు. ఎవురైతే ఏం లే పాపా," అన్నది. "పొద్దున్నే గంప ఎత్తుకుని నడిచేకి నాకు కాలు లేదు." గోడ వైపు తిరిగి పడుకుంది. గంగన్న ఆమెను చూడడానికి ఒక్కసారైనా రాలేదని అక్కడి నర్సు చెప్పింది.

నేను కర్నూలు వచ్చేశాను. ఇక్కడ నన్నెవరూ ఎరగరు కాబట్టి పని దొరికింది. కొన్నాళ్ళకు సొంత షెడ్ పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం గంగన్న నా గేటులో నిలబడి ఉన్నాడు. చొక్కా ఇంకా తెల్లగానే ఉంది, మనిషి మాత్రం సగమయ్యాడు. కార్తీక్ మేనమామ ఫంక్షన్ హాలు కట్టుకోవడానికి స్థలం ఖాళీ చేయించాడట. టీ ఇచ్చాను. తాగుతూ షెడ్డంతా చూశాడు.

"బాగా పెట్టినావు. ఈడ నాకేమన్నా పనుంటే చెప్పు" అన్నాడు.

"ఆ పొద్దు ఎందుకట్ల చెప్పినారన్నా?"

టీ చివరి గుక్క తాగాడు. "నాకు షెడ్ పోతే ఇంగేం లేదు. నువ్వు చిన్నదానివి, తట్టుకుంటావనుకున్నా" అన్నాడు. తప్పు చేశానని అనలేదు. అంటే ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలియదు.

"తట్టుకున్నానన్నా. ఈడ మాత్రం మీకు పని లేదు" అన్నాను. ఆయన తల ఊపి, గ్లాసు కడిగి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పోయిన ఏడాది చనిపోయాడని తెలిసింది. నేను పోలేదు. పోనందుకు బాధా లేదు, సంతోషమూ లేదు. ఆయన మీద కోపం ఇంకా ఉంది, నాతోపాటే ముసలిదవుతోంది.

ఈమధ్య ఒక పెద్దమనిషి కోపంతో ఊగిపోతూ షెడ్‌లోకి వచ్చాడు. ముందురోజు మేము బాగుచేసి పంపిన కారు నడిరోడ్డు మీద గేరు పడక ఆగిపోయిందట. దానికి పని చేసింది నా దగ్గరున్న ఇద్దరమ్మాయిల్లో ఒకతె, అనిత. పైపు బిగింపు వదులుగా వదిలేసింది. తప్పు నిజంగా ఆమెదే. ఆ అమ్మాయి రెంచీ పట్టుకుని నా వెనక్కి జరిగింది.

"ఎవురమ్మా ఈ బండి చేసింది?" అని ఆయన అరిచాడు.

"నేను" అన్నాను.

ఆయన నన్ను తిట్టినంతసేపూ నిలబడి విన్నాను. గంగన్న దగ్గర నేను నేర్చుకోనిది ఆ ఒక్కమాటే. ఆయన అది అనకపోవడం చూశాను కాబట్టి, నాకు చెప్పడం వచ్చింది.