కళ్ళు మూసుకుని కృష్ణ ఎటో చూపించండి

మా సోషల్ మాస్టారు పోయారు. ఆ పొద్దున్న స్కూల్లో ప్రార్థన మొదలయ్యే వేళకు వాళ్ళబ్బాయి ఫోన్ చేశారు. "నాన్నగారు పోయారండి" అని, "రాత్రంతా ఎడమ వైపుకే తిరిగి పడుకున్నారటండి. నర్సు ఎన్నిసార్లు సరిచేసినా మళ్ళీ అటే తిరిగారట. ఎందుకో ఏమిటో" అన్నారు. ఎందుకో నాకు తెలుసు. ఆ అబ్బాయికి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాసుకుంటున్నాను.

పామర్రు దగ్గర మా ఊరి హైస్కూల్లో మాస్టారి పీరియడ్ ఏనాడూ పుస్తకంతో మొదలయ్యేది కాదు. "కళ్ళు మూసుకోండి. ఒక చెయ్యి నీళ్ళొచ్చే వైపు, రెండోది నీళ్ళు పోయే వైపు" అనేవారు. మా కాలవకు నీళ్ళొచ్చేది విజయవాడ బ్యారేజీ నుంచి, పోయేది సముద్రం వైపు. మీసాలొస్తున్న మగపిల్లలతో సహా తరగతంతా ట్రాఫిక్ పోలీసుల్లా చేతులు చాపి నిలబడేది. ఆయన బెంచీల మధ్య నడుస్తూ, దారి తప్పిన చేతిని మెల్లిగా పట్టుకుని తిప్పేవారు. పక్క గదిలో లెక్కల మాస్టారు నవ్వేవారు. "నువ్వెక్కడున్నావో తెలిస్తేనేనమ్మా, అశోకుడెక్కడున్నాడో తెలిసేది" అనేవారు ఈయన.

ఒంటిపూట బడి రోజుల్లో ఒకసారి సమానత్వం పాఠం వచ్చింది. మాస్టారు నిండు బిందె తెచ్చి మొదటి బెంచీ మీద పెట్టారు. "కావలసినన్ని తీసుకుని వెనక్కి పంపండి" అన్నారు అంతే. నేను మొదటి బెంచీ. సీసా నింపుకున్నాను, మొహం కడుక్కున్నాను, జడ కూడా తడుపుకున్నాను. మా వెనకవాళ్ళూ ఏం తక్కువ తినలేదు. బిందె ఆఖరి బెంచీకి చేరేసరికి అడుగున చుక్క లేదు. అక్కడ కూర్చునేది శివారు ఊళ్ళ పిల్లలు, కాలవ నీళ్ళు అంతంతమాత్రంగా అందే పొలాల వాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి బిందె వంచి, లోపలికి చూసి, చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"ఏమ్మా, అన్ని నీళ్ళెందుకు పట్టుకున్నావ్?" అని మాస్టారు నన్నడిగారు.

"ముందు కూర్చున్నాను కదండీ" అన్నాను.

కొట్టలేదు, తిట్టలేదు. నా మాటను ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసి, "ఇవాళ్టి పాఠం ఇదే. దీనికి జవాబు చెప్పండి" అని వెనక్కి చూశారు. గంట కొట్టే దాకా ఆఖరి బెంచీ వాళ్ళే మాట్లాడారు. నీళ్ళ వంతు తప్పిన ఏడాది ఎండిపోయిన నారుమళ్ళ గురించి, కాలవ గట్టు మీద వాళ్ళ నాన్నలు పడ్డ తగాదాల గురించి. వాళ్ళకు అన్ని మాటలు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. సీసాలో నీళ్ళు ఇంటికెళ్ళే దాకా తాగబుద్ధి కాలేదు.

ఆ బిందె వల్లే నేను సోషల్ టీచర్నయ్యాను. విజయవాడలో, ఒక ప్రైవేటు స్కూల్లో. ఇప్పుడు నేను చెబుతున్న పాఠం గురించి రాయాలంటే తల కొట్టేసినట్టుంది. మ్యాప్ పాయింటింగ్‌కి మా పిల్లలకు నేను నేర్పేది వేళ్ళ కొలత. కుడి అంచు నుంచి ఇన్ని వేళ్ళు, కింది నుంచి ఇన్ని వేళ్ళు, అక్కడో చుక్క. అది ఏ ఊరో, అక్కడెవరు బతుకుతున్నారో అక్కర్లేదు. మార్కులు మాత్రం పూర్తిగా వస్తాయి. "సోషల్‌దేముంది మేడం, చివరి పది రోజులు బట్టీ పట్టిస్తే సరిపోద్ది" అంటారు మా ప్రిన్సిపాల్. మొదట్లో వాదించేదాన్ని. తర్వాత తల ఊపడం అలవాటైంది.

పోయినేడు కళ్ళ పరీక్షకు విజయవాడ వచ్చిన మాస్టారు మా స్కూలుకొచ్చి, నా క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చున్నారు. పిల్లలు చకచకా చుక్కలు పెట్టారు. బయటికొచ్చాక మెట్ల మీద, "బాగా పెట్టార్రా పిల్లలు. పటం తిరగేసిస్తే?" అన్నారు.

"పరీక్షలో తిరగేసి ఇవ్వరండి" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ నవ్వు కంటే నాలుగు తిట్టినా బాగుండేది. "కృష్ణ ఇక్కడికి ఎంత దూరం?" అనడిగారు. నడిస్తే పావుగంట. "పిల్లల్ని ఒక్కసారి తీసుకెళ్ళి చూపించమ్మా" అన్నారు. దసరా తర్వాత అన్నాను. తర్వాత యూనిట్ టెస్టన్నాను, ఆ తర్వాత ప్రీఫైనలన్నాను. ప్రతి ఫోన్‌లోనూ అడిగేవారు. చివర్లో అడగడం మానేశారు.

పోయే ముందు రోజు సాయంత్రం విజయవాడ ఆసుపత్రిలో చూసినప్పుడు ఆయనది కిటికీ లేని గది. చుట్టూ పచ్చ కర్టెన్లు. నన్ను గుర్తుపట్టి, ఊపిరి కూడదీసుకుని, "కృష్ణ ఎటమ్మా?" అన్నారు.

పరీక్షలో మా పిల్లల్లా తడుముకోకుండా ఎడమ వైపు చూపించాను. ఆయన నమ్మారు. మెల్లిగా ఎడమకు తిరిగి, కళ్ళు మూసుకుని, "చాల్లే" అన్నారు.

కిందికొచ్చి రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాక తెలిసింది. లిఫ్టు, వరండాల మలుపులు, అన్నీ కలిసి నన్ను తిప్పేశాయి. ఏరు ఉన్నది ఆయన మంచానికి కుడి వైపు. వెనక్కి పరిగెత్తాను. "టైమైపోయిందండి, రేపు రండి మేడం" అన్నాడు సెక్యూరిటీ. ఒక్క మాట చెప్పాలయ్యా, ఒక్కటే మాట, అని బతిమాలాను. ఏం మాటని అడిగాడు. కృష్ణ అటు కాదు ఇటు అని చెప్పాలంటే నన్నేమనుకుంటాడు! తిరిగొచ్చేశాను. జీవితమంతా దిక్కు చూపించిన మనిషిని ఆఖరి రాత్రి తప్పు దిక్కుకు తిప్పి వచ్చేశాను. ఈ తప్పును ఎవరి దగ్గర దిద్దుకోను?

పెద్దకర్మ అయ్యాక స్కూలుకు వెళ్ళాను. పరీక్షలు దగ్గర పడ్డాయని, మర్నాటి నుంచి పదో తరగతి సోషల్ పీరియడ్లన్నీ లెక్కలకే అని చెప్పారు. నాకు మిగిలింది ఆ రోజు ఒక్క పీరియడ్, అందులోనూ రెండో సగం లెక్కలదే.

"కళ్ళు మూసుకోండి. కృష్ణ ఎటో చేత్తో చూపించండి" అన్నాను.

"ఏ చాప్టర్ మేడం?"

"పరీక్షలో వస్తదా మేడం?"

"రాదు. చూపించండి."

చేతులు లేచాయి. నాలుగు గోడల వైపూ లేచాయి. ఒకడు ఫ్యాన్ వైపు చూపించాడు. ఒకమ్మాయి కళ్ళు మూసుకునే బల్ల అంచు నుంచి వేళ్ళతో కొలుస్తోంది. ఏడుపు ఆపుకుంటూ మొదటి బెంచీ నుంచి ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. మూడో బెంచీ దగ్గర ఉండగా, తన సగం పీరియడ్ కోసం మా స్కూలు లెక్కల సారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వెనక బెంచీల చేతులన్నీ ఎటో అటు చూపిస్తూ ఇంకా గాల్లోనే ఉన్నాయి.