జంపక్క రెండెకరాలు

సోమవారం వచ్చిందంటే భద్రాచలంలో రెండు రకాల జనం బస్సులు దిగుతారు. ఒకరు రాముడి దర్శనానికి వచ్చినవాళ్లు. వాళ్లకు సత్రాలున్నాయి, ఏసీ గదులున్నాయి. రెండోవాళ్లు ఆఫీసుకూ దవాఖానాకూ కోర్టుకూ వచ్చే అడవి జనం. చుట్టూ ఎంత అడవి ఉందో దానంతటికీ ఈ ఊరే పట్నం. వాళ్లు ఆఫీసు గోడ నీడలో కూర్చుని సద్ది విప్పుకుంటారు. ఆ గోడ పక్కనే బల్ల వేసుకుని నేను అర్జీలు రాస్తాను.

జంపక్క నాకు అక్కడే పరిచయం. ములకలపల్లి అవతల అడవి అంచున ఒక కోయగూడెం ఆమెది. పాల్వంచలో బస్సు మారి వస్తుంది. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఇద్దరూ కలిసి మోళ్లు పెరికి చేసుకున్న రెండెకరాల పోడు మిగిలింది. ఎండాకాలం తునికాకు కోస్తుంది, మిరప కోతలకు ఏన్కూరు, తల్లాడ దాకా కూలికి పోతుంది. తొలకరికి మాత్రం చేను దగ్గర ఉంటుంది. ఆ చేనుకు పట్టా లేదు. ఈసారి రాకపోతే అది అడవి కింద పోతుంది.

పట్టా కోసం సర్వేవాళ్లు రానే వచ్చారు. వాళ్లు వచ్చిన రోజు భూమి పండుగ, విత్తే ముందు గూడెం పూజారి అందరికీ గింజలు పంచే రోజు. మగవాళ్లంతా వేటకు పోయారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి పండుగ డబ్బులకు బండ్లు ఆపుతున్నారు. సర్వే జీపును ఆపింది జంపక్కే.

“ఇరవై తియ్యి సారూ. వేటకు పోకుండ జీపుల తిరిగేటోడు మొగోడా?” అని ఆటపట్టించింది. ఆయన నవ్వి ఇచ్చాడు. ఇచ్చి, జంపక్క ఎవరని అడిగాడు. చేనులో నిలబెట్టి ఫొటో తీయాలట.

“నేనే. ఇయ్యాల చేన్ల కాలు పెట్టం సారూ. రేపు రాండ్రి.”

రేపు వాళ్లు రాలేదు. హక్కుదారు హాజరు కాలేదు, సాగు లేదు అని రాసుకుపోయారు.

మొదటి అర్జీలో జరిగింది జరిగినట్టే రాశాను. పండుగ కారణం చెల్లదని కౌంటరు దగ్గరే తిప్పి ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది. నిజం చెల్లని చోట అబద్ధమే రాద్దామన్నాను. ఆమె దగ్గర మోకాలి నొప్పికి చూపించుకున్న దవాఖానా చీటీ ఉంది. చెమటకు దాని మీద తారీఖు చెరిగిపోయింది.

“పండుగనాడు మోకాళ్ల నొప్పితో ఈడ దవాఖానాల ఉన్ననని చెప్పు అక్కా.”

“ఉన్నదాన్ని లేనని ఎట్ల చెప్పాలె తమ్మీ?”

“చేను కావాల్నా వద్దా?”

ఆ మాటే రాసి ఇంకో అర్జీ పెట్టాం. మూడో సోమవారం విచారణ. సాక్షిగా గూడెం పూజారి భద్రయ్య వచ్చాడు. ఆయన అటవీ హక్కుల కమిటీలో సభ్యుడు కూడా. జంపక్క తల వంచుకుని నేను చెప్పమన్న మాటే చెప్పింది. విచారణ చేసే సారు చీటీ చూశాడు. పదిహేను రోజుల్లో మళ్లీ సర్వే చేయమని, చేనులో పంట ఉండాలని రాశాడు. నేను బయట టీ తెప్పించాను, గెలిచామని.

భద్రయ్య టీ ముట్టలేదు.

“పండుగకు లేనంటివి గదా బిడ్డా,” అన్నాడు జంపక్కతో.

“పెద్దయ్యా, పండుగనాడు నా ఒడిల గింజలు పోసింది నువ్వే గదా.”

“పోసిన. నువ్వు నలుగుర్ల లేనంటివి. పండుగల లేనోళ్లు విత్తనం ఎయ్యొద్దని నీకెరుకే. అసలే వాన గిట్ల ఎనక్కి పోయింది. గూడెపోళ్లకు నేనేం చెప్పాలె?”

ఆయన కోపంగా అనలేదు. భయపడుతూ అన్నాడు. అందుకే ఆయనతో కొట్లాడలేకపోయాను.

ఆయన బస్టాండుకు పోయాక ఆమెతో గట్టిగా చెప్పాను. “నీ చేను, నీ గింజలు. చల్లెయ్యి. ఏంజేస్తడు?”

“ఆయనేం జెయ్యడు తమ్మీ. నేనేస్తె, రేపు ఎవలింట్ల పోరికి జరమొచ్చినా నా వల్లనే అంటరు. ఒక్కదాన్ని. ఆ గూడెంల నేనెట్ల బతకాలె?”

ఆమె కొంగు దులుపుకుని బస్టాండు వైపు నడిచింది.

నాలుగు రోజులకు వాన పడింది. గూడెమంతా విత్తుకుంది. సర్వేవాళ్లు చెప్పిన గడువులోనే వచ్చారు. జంపక్క చేనులో నిలబడింది, ఫొటో తీశారు. చుట్టూ పక్కవాళ్ల చేలలో జొన్న మొలక బెత్తెడుంది. ఆమె కాళ్ల కింద ఎర్రమట్టి.

“ఏమేసినవమ్మా?” అని అడిగారట.

“ఏమెయ్యలే సారూ.”

ఫోనులో అదే నొక్కుకుని పోయారు.

తర్వాతి సోమవారం ఆమె ఇదంతా చెప్పి నా బల్ల ముందు కూర్చుంది. కాగితం తీశాను. ఊరూ పేరూ రాశాను. చేను ఎందుకు విత్తలేదో రాయాల్సిన చోట కలం ఆగింది. నిజం రాస్తే మొన్న చెప్పింది అబద్ధమని తేలుతుంది. ఇంకో అబద్ధం రాస్తే ఆమెకు ఇంకేం పోతుందో నాకు తెలియదు.

ఆమె బస్టాండు వైపు చూసింది.

“ఏదో ఒకటి రాయి తమ్మీ. బస్సు పోతది.”