చేపల డబ్బాకు చక్రాలు: కొడకండ్ల నుంచి భూపాలపల్లి దాకా

భూపాలపల్లిలో మా చెల్లె మనవరాలి కొడుక్కు తొట్టెల పండుగ పెట్టుకున్నారు. "మా అన్న మా ఊరి చెరువు చేప తెస్తడు" అని చెల్లె వియ్యాలవారికి ముందే చెప్పేసింది. నన్ను అడగలేదు. అయినా చెప్పిందంటే తేవాల్సిందే. పోయినేడాది ఇట్లాగే తీసుకుపోతూ హనుమకొండ బస్టాండులో చేపల ఐసు డబ్బా భుజానికెత్తితే నడుము పట్టేసింది. గంటన్నర బెంచీ మీద కూలబడ్డాను. చెల్లె ఇల్లు చేరేసరికి ఐసు కరిగి చేప కంపు కొట్టింది. ఆమె ఒక్క మాట అనకుండా పెరట్లో గుంట తీసి పూడ్చింది. తిట్టినా బాగుండేది. అందుకే ఈసారి డబ్బాకు చక్రాలు వేయించాను. బరువైన డబ్బాతో బస్సులు మారేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను బడికి పోయింది తక్కువ. తప్పులుంటే సర్దుకోండి, విషయంలో మాత్రం తప్పు లేదు.

పొద్దున ఐదింటికి కొడకండ్లలో వల తీసినవాళ్ల దగ్గరే బొచ్చె, రవ్వ చేపలు కలిపి పది కిలోలు తీసుకున్నాను. కడుపు తీయించి, ఒక వరుస ఐసు, ఒక వరుస చేప పేర్చాను. డబ్బాతో కలిపి ముప్పై కిలోలు దాటింది. ఏడింటికి ఆటో ఎక్కితే ఎనిమిది లోపే తొర్రూరులో దిగాను. నాకూ డబ్బాకూ కలిపి ఎనభై తీసుకున్నాడు. వెల్డింగ్ షాపు సైదులుకు రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి పని పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. అతను లోపలి నుంచి ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప స్టాండు తెచ్చి ముందర పెట్టాడు. కింద నాలుగు చిన్న చక్రాలు, మా వైపు గీరలంటాం.

"ఇదేంది?"

"కూలర్ స్టాండు. కూలర్‌కు గీరలు కావాలె అన్నవు గద బాపు. ఈ అర్రల నుంచి ఆ అర్రలకు జరుపుకుంటవనుకున్న."

"నేనన్నది చేపల కూలర్."

"చేపలకు కూలర్ పెడ్తరని నాకేమెరుక?"

పక్కన టీ పోస్తున్న అతని భార్య ఊరుకోలేదు. "చేపలకు ఉక్కపోస్తుందేమో, పెట్టుకోనియ్యి."

డబ్బా అమ్మినవాడు దాన్ని కూలర్ అన్నాడు, నేనూ అదే మాట పట్టుకున్నాను. మా వైపు కూలర్ అంటే ఎండాకాలం గాలి కొట్టేదే. నా బస్సు తొమ్మిదీ నలభైకి. సైదులు డ్రిల్లు తీసి డబ్బా అడుగున పెట్టబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"పొక్క వెయ్యకు. చల్లదనమంత అండ్లకెల్లి పోతది."

"మరి గాలికి నిలవడ్తయా గీరలు?"

"కింద చట్రం కట్టు. డబ్బా దాని మీద కూసుంటది."

ఇనుప పట్టీలతో చట్రం చేసి, పాత సామానులో పడి ఉన్న పిల్లల సైకిల్ చక్రాలు రెండు ఒక కడ్డీకి ఎక్కించాడు. చక్రాలు ఒక చివరనే. రెండో చివర నేల మీద ఆనుతుంది, దానికి కట్టిన తాడు పట్టి లేపితే నడుస్తుంది. డబ్బాను బెల్టుతో బిగించాము. మొదటిసారి లాగితే చక్రం పట్టీకి రాసుకుంది. రెండు వాషర్లు వేస్తే సరిపోయింది. షాపు ముందరి కంకర మీద అటూ ఇటూ లాగి చూశాకే డబ్బులిచ్చాను. స్టాండుతో కలిపి తొమ్మిది వందలు. చేసింది చేసినట్టు తీసుకోవాలి కదా. దాన్ని అక్కడే ఉంచి, వాపసు వచ్చేటప్పుడు తీసుకుపోతానన్నాను.

బస్సులో కండక్టరమ్మ డబ్బాకు కూడా టికెట్ కొట్టాలన్నది.

"దానికెందుకు బిడ్డా, గీరలున్నయి, అదే నడుస్తది."

"అట్లయితే బస్సు ఎనక నడిపియ్యి తాతా."

డబ్బులు తీశాను. పదకొండున్నరకు హనుమకొండలో దిగాను. పోయినేడాది నేను కూలబడ్డ బెంచీ అక్కడే ఉంది. దాని ముందు నుంచే లాక్కుంటూ పోయాను, కూర్చోలేదు. పన్నెండింటికి పరకాల మీదుగా పోయే బస్సు దొరికింది. రెండు గంటలకు భూపాలపల్లి. ఆటో అతను అరవై అడిగాడు. చెల్లె ఇల్లు కిలోమీటరు, చక్రాలున్న మనిషికి ఆటో ఎందుకని బొగ్గు లారీల దుమ్ములో నడిచే పోయాను.

చెల్లె వాకిట్లోనే ఉంది. మూత తీసింది. చేపను వేలితో నొక్కింది, మొప్పలు ఎత్తి ఎరుపు చూసింది. ఐసు సగానికి పైగా ఉంది. ఆమె లోపలికి తిరిగి కోడలితో అన్నది:

"పొయ్యి మీది పప్పు గంజు దించు బిడ్డా."

"పప్పు ఎందుకు పెట్టినవే?"

"పిల్లల కోసం అన్నా."

"పిల్లలకు గంత పెద్ద గంజుల పప్పా?"

కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను తెస్తానని వియ్యాలవారికి చెప్పింది గానీ తనకు తాను చెప్పుకోలేకపోయింది. సాయంత్రం వియ్యంకుడు రెండోసారి పులుసు పోయించుకుంటుంటే ఆమె నా వైపే చూసింది. గుంట తీసిన రోజు లెక్క ఆ చూపుతో తీరింది. డెబ్బై దాటిన మనిషి బరువు మోయలేకపోవడం సిగ్గు కాదు, మోయలేనని ఒప్పుకోక చేప పాడుచేయడమే సిగ్గు. ఇది నాకు ఒక ఏడాది ఆలస్యంగా తెలిసింది.

మీరు చేయించుకునేటప్పుడు డబ్బాకు పొక్కలు వేయనివ్వకండి, కింద చట్రం కట్టించండి. ఫోన్లో మాత్రం చేపల డబ్బా అనే చెప్పండి. నేను కూలర్ అన్నందుకు ఆకుపచ్చ స్టాండు ఇప్పుడు మా అర్రలో ఉంది. దాని మీద పెట్టడానికి కూలర్ ఎప్పుడు కొంటావని మా ముసలిది రోజూ అడుగుతోంది.