ఏం వండుతావని అడిగే మావ

శ్రీకాకుళంలో మా వీధి పాత్రల కొట్టు మావ ఏది అడిగినా వెంటనే అమ్మేవాడు కాదు. ముందు "ఇందులో ఏటి వండుతావు?" అనేవాడు. జవాబు నచ్చకపోతే గిన్నె మళ్లీ అలమరలోకి వెళ్లిపోయేది.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే మా చెల్లికి ప్రాక్టికల్ పరీక్షలో యార్క్‌షైర్ పుడ్డింగ్ అనే, ఓవెన్‌లో బూరెలా పొంగే ఇంగ్లీషు వంటకం ఇచ్చారు. పాత్ర ఎవరిది వారే తెచ్చుకోవాలి. ఇంట్లో రెండుసార్లు చేస్తే రెండుసార్లూ పొంగకుండా అట్టులా అణిగిపోయింది. పరీక్ష రెండు రోజుల్లో ఉంది. ఇంజనీరింగ్ చదివిన నేను అచ్చులో గుంత వ్యాసం, లోతు, గుంతల సంఖ్య, బరువు, పూత అని కాగితం మీద రాసుకెళ్లి, రబ్బరులా వంగే సిలికాన్ అచ్చు అడిగాను.

"ఏటి వండుతావు?"

"మైదా, గుడ్లు, పాలు కలిపిన పిండి మావా. ఓవెన్‌లో గుంతల్లోని నూనె పొగలొచ్చేదాకా కాచి, అందులో పిండి పొయ్యాలి. పొంగాలి."

"పొగలొచ్చే నూనెకి రబ్బరేటిరా? పిండి ఎయ్యగానే సల్లారిపోతాది. ఇనుమైతే వేడి ఒగ్గదు, పట్టుకునుంటాది. ఇంజనీరింగులో ఏటి సెప్పారు నీకు?"

నా కాగితంలో ఐదు వివరాలున్నాయి. వేడి ఎంతసేపు నిలుస్తుందన్నది మాత్రం లేదు.

ఆయన గుంతపునుగుల ఇనప్పెనం తీశాడు. "పిడి పొడుగు, ఓవెన్ తలుపు పడదు మావా" అన్నాను. స్క్రూడ్రైవర్‌తో పిడి విప్పి నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు పడతాది. మందం గుడ్డతో పట్టుకోమను మీ సెల్లిని."

ఆ సాయంత్రం పన్నెండు గుంతల్లోనూ పుడ్డింగులు అంచులు దాటి లేచాయి. చెల్లి కొట్టుకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి "మావా, పొంగాయి!" అని అరిచింది.

అవతలి నుంచి ఆయన గొంతు మామూలుగానే వినిపించింది.

"పొంగితే నాకేటి సెప్తావే పిల్లా, తిను. పొంగకపోతే రా."