త్రినాథ్ గారు చేసిన కార్డు

మా ఇంట్లో మిక్సీ పనంతా తొమ్మిదిలోపల ముగించుకోవాలి. ఆ తరవాత మా ఆయనకి మీటింగులు. లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచీ పైన చిన్న గదిలో కూర్చునే పని చేసేవారు. ఒకసారి నేను కొబ్బరి పచ్చడి వేస్తుంటే ఆ చప్పుడు వాళ్ళ మేనేజరు దాకా వినపడిందట. అప్పట్నుంచి పప్పు రుబ్బుకోవడం, పచ్చడి నూరుకోవడం అన్నీ ముందే. ఇప్పుడు ఏ వేళైనా వేసుకోవచ్చు. వద్దనే మనిషి లేడు. అయినా తొమ్మిదయ్యేసరికి నా చెయ్యి దానంతటదే మిక్సీ కట్టేస్తుంది. ఆ వెంటనే బెల్ మోగుతుంది. గుమ్మంలో త్రినాథ్ గారు.

ఐర్లండులో ఈ నేవన్ ఊళ్ళో, మా ఇళ్ళ ఎస్టేటులో ఉన్న తెలుగువాళ్ళకి త్రినాథ్ గారు లేకుండా ఏ పనీ జరగదు. ఆయనది విజయవాడ. డబ్లిన్‌లో ఏదో కంపెనీలో టెస్టింగు ఉద్యోగం, ఇప్పుడు అదీ ఇంట్లోంచే. మా తెలుగు సంఘానికి ప్రచార కార్యదర్శి. ఉగాది వచ్చినా, ఎవరికి పిల్ల పుట్టినా, ఎవరు పోయినా వాట్సాప్ గ్రూపులో రంగురంగుల బొమ్మ పెడతారు. అడుగున ఆయన ఫోటో, పేరు తప్పకుండా ఉంటాయి. మాస్కు మాత్రం ఎప్పుడూ గడ్డం కిందే.

"టెన్షన్ పడకండి వదినా" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట వింటేనే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆయన చెయ్యి పెట్టిన పని సగంలో ఆగుతుంది. ఆగినదాన్నే అయిపోయిందంటారు. మా వంటింటి కుళాయి బిగించారు. అంతకుముందు చుక్కలు కారేది, ఆయన బిగించాక ధార కట్టింది. "ప్రెషర్ పెరిగింది చూశారా!" అన్నారు.

చెడ్డవాడని అనను. జనవరిలో మా ఆయన్ని కరోనాతో అంబులెన్సు తీసుకెళ్ళాక మా అమ్మాయి ఉజ్వలా నేనూ గడప దాటకూడని రోజులన్నీ పాలూ కూరలూ గుమ్మంలో పెట్టి వెళ్ళింది ఆయనే. దహనానికి పదిమందినే రానిస్తామన్నారు, ఆ పదిమందిలో ఆయనా ఒకరు. ఇండియాలో మా అత్తగారు చూడాలని ఫోను పట్టుకు నిలబడిందీ ఆయనే. పట్టుకోవడం పట్టుకున్నారు, కెమెరా తనవైపు తిరిగి ఉందని చూసుకోలేదు. కొడుకు ఆఖరి చూపు కోసం కూర్చున్న ఆవిడకి కనపడింది త్రినాథ్ గారి ముక్కూ, పైకప్పూను. "వాడి మొహం ఒక్కసారన్నా కనపళ్ళేదే తల్లీ" అని ఆవిడ ఫోనులో ఏడ్చింది.

అందుకే నాకు కార్డు మీద మనసు పడింది. ఇక్కడివాళ్ళు మనిషి పోయిన నెలకి చర్చిలో ప్రార్థన చేయించి, ఫోటో ఉన్న చిన్న కార్డు అయినవాళ్ళందరికీ పంపుతారు. ఫోటో కింద ఆ మనిషి గురించి నాలుగు మాటలుంటాయి. పక్కింటి బ్రీడా గోడ అవతల నిలబడి తన భర్త కార్డు చూపించింది. "మీవాళ్ళెవరూ రాలేకపోయారు కదా, నువ్వూ చేయించు, ఒకటి నాకూ ఇవ్వు" అంది. మనకీ నెల మాసికం ఉంది కదా, ఆ రోజుకి అందేలా పంపుదామనుకున్నాను. రాలేని వాళ్ళకి, చూడలేని వాళ్ళకి చేతిలో పట్టుకోవడానికి అదొక్కటే ఉంటుంది. అందులో మాటలు నావే ఉండాలి, తెలుగులో ఉండాలి. నేను చదివింది ఐదో తరగతి. అయినా కూర్చుని రాశాను.

*ఆంజనేయప్రసాద్. నలభై ఆరేళ్ళు. మాటకి ముందు నవ్వేవాడు. ఇంకా ఉండాల్సినవాడు.*

అంతే. దాన్ని వాట్సాప్‌లో త్రినాథ్ గారికి పంపాను.

మర్నాడు తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చారు. లోపలికి రాకూడదు కాబట్టి గుమ్మం పక్కనున్న చెత్తడబ్బా మూత మీద పెట్టి తెరిచారు. చెత్తడబ్బా మీద మా ఆయన పేరు.

"చిన్న ప్రాబ్లం వదినా. పోయిన వారం సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశా. ఊరికే అడుగుతోంది కదా అని యెస్ కొట్టా. ఇప్పుడు ఎడిటర్‌లో మీ మేటర్ పేస్ట్ చేస్తే ఇలా వస్తోంది."

ఎడిటర్ అంటే ఒట్టి అక్షరాలు కొట్టుకునేదట. ఆయన ముందు అందులో పెట్టుకుని, తరవాత బొమ్మలోకి ఎక్కిస్తారట. తొంగి చూశాను. మా ఆయన పేరుండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. నలభై ఆరూ డబ్బాలే, నవ్వూ డబ్బాలే.

"పోయాయా?" అన్నాను.

"అబ్బే, అక్షరాలు లోపలున్నాయి. వాటిని గీసే ఫాంటే దొరకట్లేదు దీనికి."

"లోపలుంటే ఏం లాభమండీ?"

"టెన్షన్ పడకండి."

సైజు పెంచారు. చిన్న డబ్బాలు పెద్ద డబ్బాలయ్యాయి. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టారు. ఎడిటర్ తీసేసి మళ్ళీ ఎక్కించారు. సన్నగా వాన మొదలైతే చెత్తడబ్బాని గోడవారకి జరుపుకున్నారు. ఫాంట్ల జాబితా తెరిచి పైనుంచి ఒక్కొక్కటే నొక్కుకుంటూ వచ్చారు. డబ్బాలు, డబ్బాలు, మళ్ళీ డబ్బాలు. ఎక్కడిదో ఒక ఫాంట్ దించి వేస్తే అక్షరాలైతే వచ్చాయి, కాని ఒత్తులు ఊడి పక్కన పడ్డాయి. గుడింతాలు ఎక్కడివక్కడ విడిపోయి మధ్యలో చుక్కల సున్నాలు వచ్చాయి. కాళ్ళూ చేతులూ విడదీసి పరిచినట్టుంది.

"ఇది గ్రాండే కదా వదినా? దూరం నుంచి చూస్తే తెలియదు." ఇక్కడివాళ్ళ లెక్కన గ్రాండంటే ఫరవాలేదని.

"దగ్గర పెట్టుకు చూసే కార్డండీ అది."

"పోనీ ఇంగ్లీషులో పెట్టేద్దామా? అందరికీ అర్థమవుద్ది."

"మా అత్తగారికి అర్థం కాదు." కాస్త ఆగి అన్నాను, "నేను కాగితం మీద రాసిస్తా. దాన్ని ఫోటో తీసి పెట్టండి."

"చేతిరాతా!" అని నవ్వారు. "కార్డు మీద చేతిరాత చీప్‌గా ఉంటుంది వదినా. అన్నయ్య రేంజికి బాగోదు. నాకు వదిలెయ్యండి, నేను చూసుకుంటా."

ఇంట్లోనూ బయటా గట్టిగా మాట్లాడే అలవాటు నాకు లేదు. మాట్లాడేది మా ఆయనే.

తరవాత ఆయన రాలేదు. కార్డులే వచ్చాయి, ఊళ్ళో ప్రింటింగు షాపు నుంచి అట్టపెట్టెలో. అదే పొద్దున గ్రూపులోనూ బొమ్మ పెట్టేశారు. ఫోటో నిజంగానే బాగా వచ్చింది. చుట్టూ బంతిపూల దండ, ఇటొక దీపం, అటొక దీపం. పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద చక్కటి గుండ్రటి తెలుగు. ఒత్తులన్నీ ఉన్నాయి.

ఉజ్వల పక్కన చేరింది. దానికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు.

"ఇట్స్ లవ్లీ, అమ్మా. వాట్ డజ్ ఇట్ సే?"

పైకి చదివాను. "పండు వయసులో, నిండు జీవితం గడిపి, మనవలు మునిమనవలతో కళకళలాడే కుటుంబాన్ని చూసుకుని తృప్తిగా కన్నుమూసిన..."

అక్కడితో ఆపేశాను. ఉజ్వల నా మొహంలోకి చూసింది.

"బట్ డాడ్ వాజ్ ఫార్టీ సిక్స్."

దానికి పద్నాలుగేళ్ళు. మనవలట!

ఆ మాటలు ఎక్కడివో నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా సంఘంలో సంక్షేమం చూసే కొండల్ రావు గారి నాన్నగారు ఇండియాలో తొంభై దగ్గర పడి పోయినప్పుడు గ్రూపులో పెట్టిన బొమ్మ అది. అప్‌గ్రేడ్‌కి ముందు చేసింది కాబట్టి అందులో అక్షరాలు బొమ్మలో బొమ్మగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫాంటు కుదరక, ఈయన ఆ ముసలాయన ఫోటో తీసి మా ఆయన ఫోటో అంటించారు. పేరు మీద తెల్లరంగు పూసి ఇంగ్లీషులో కొట్టారు. మిగతాది అలాగే ఉంచేశారు.

గ్రూపు తెరిచి చూశాను. దండాల బొమ్మలే దండాల బొమ్మలు. "చాలా బాగా చేశారు త్రినాథ్ గారూ." "హార్ట్ టచింగ్." "అన్నా, నీ సేవలు మరువలేం." సాక్షాత్తూ ఆ కొండల్ రావు గారే రెండు దండాలు పెట్టారు. తన తండ్రి కోసం రాసిన మాటలని ఆయనా గుర్తుపట్టలేదు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చదవలేదు. ఫోను బల్ల మీద పడేసి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

బ్రీడా గోడ దగ్గరికొస్తే ఒకటి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఫోటోని వేలితో నిమిరింది. "ఎంత మంచి మొహం, పాపం" అంది. తరవాత కార్డు అడుగున స్టాంపు బిళ్ళంత ఫోటో మీద వేలు పెట్టింది.

"ఈయనెవరు? మీ మరిదా? ఈయనా పోయారా?"

కాదు, కార్డు చేసినాయన అని చెప్పాను. మా ఆయన పోయాక నాకు నవ్వు రావడం అదే మొదలు. వచ్చినందుకు నామీద నాకే రోత పుట్టింది.

మర్నాడు త్రినాథ్ గారు ఫోను చేశారు. గొంతులో ఉత్సాహం.

"వదినా, సెట్ అయిపోయింది! అప్‌గ్రేడ్ అయినప్పుడు తెలుగు ఫాంట్ ప్యాక్‌ని పక్కన పెట్టేసిందంట. సెట్టింగ్స్‌లోకెళ్ళి యాడ్ కొడితే వచ్చేసింది. రెండు నిమిషాల పని! ఒత్తులు, దీర్ఘాలు అన్నీ పర్‌ఫెక్ట్. ఇక ఎవరు పోయినా ప్రాబ్లం లేదు."

పెట్టెలోంచి ఒక కార్డు తీసుకున్నాను.

"హలో? వదినా?"

"కార్డు మీద నిండు జీవితం అని ఉందండీ."

"ఆఁ... అది... జనరల్‌గా రాసేదే కదా. బాగుంటుందనీ."

"నలభై ఆరేళ్ళండీ ఆయనకి."

"నిజమే అనుకోండి. ఎవరు చదువుతారు వదినా? ఫోటో చూస్తారు, దండం పెట్టుకుంటారు. అన్నయ్య ఫోటో ఎంత బాగొచ్చిందో చూశారా?"

"ఇప్పుడు ఫాంటు వచ్చింది కదా. నా మాటలతో మళ్ళీ చేయించండి."

"ఇప్పుడా? ప్రింట్ అయిపోయాయి కదా. సంవత్సరీకానికి చేద్దాం, మీ మేటర్ సేవ్ చేసి పెట్టా. ఇవి ముందు పోస్ట్ చేసెయ్యండి. మాసికం లోపల అందాలి. ఇవాళ వేస్తే గ్రాండ్‌గా అందేస్తాయి."

"వెయ్యను."

"ఒంట్లో బాలేదా? నన్ను వచ్చి కార్డులు తీసుకెళ్ళి పోస్ట్ చెయ్యమంటారా?"

"బాగానే ఉందండీ. పంపను. మీరూ పంపకండి."

"సరే వదినా, టెన్షన్ పడకండి" అని పెట్టేశారు.

కవర్ల మీద అడ్రసులు ఉజ్వల ముందే రాసి ఉంచింది. మొదటిది మా అత్తగారిది. మధ్యాహ్నం వీధి చివరి ఆకుపచ్చ పోస్టు డబ్బా దగ్గర పోస్టు వ్యాను ఆగింది. వ్యాను మనిషి డబ్బా తెరిచి ఉత్తరాలు సంచిలోకి దులుపుకున్నాడు. వ్యాను మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఖాళీ కవర్లు బల్ల మీదే ఉన్నాయి, కార్డులు పెట్టెలోనే.